గడ్డిపుల్లల కుచ్చు

నంద్యాల వెళ్లొచ్చానని తెలిసి మా వీధిలో అందరూ ఒకటే అడుగుతున్నారు, "మహానంది చూశావా? అహోబిలం ఎక్కావా?" అని. రెండూ చూడలేదు. చంటిబిడ్డ గౌను మెడ చుట్టూ రెండు వేళ్ల వెడల్పున ఉండే కుచ్చు కోసం వెళ్లాను, ఆ పని చూసుకుని వచ్చాను. దానికే ఐదు రోజులు పట్టింది. చెబితే నవ్వుతున్నారు గనుక రాసి పెడుతున్నాను. నాకు బడి చదువు లేదు. మా నాన్న బైబిలు ఒళ్లో పెట్టుకుని నేర్పిన అక్షరాలే నావి. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఇస్త్రీపెట్టె

మా అత్తగారి పుట్టిల్లు నంద్యాల. వాళ్ల తాతగారు అక్కడి దొరల బంగళాలో వంట చేసేవారట. దొరసాని సొంత దేశం వెళ్లిపోతూ ఇచ్చిన తెల్ల గౌను ఒకటి డెబ్భై ఏళ్లకు పైగా మా కుటుంబంలో ఉంది. ఇంట్లో ఏ బిడ్డకు బాప్తిస్మం ఇప్పించినా ఆ గౌనే తొడుగుతాం.

దాని అందమంతా కుచ్చుల్లో ఉంది. దారం లాగి ముడతలు పెట్టే కుచ్చు మా ఆడవాళ్లందరికీ వచ్చు. దిండు గలీబులకీ, రేడియో మీద కప్పే గుడ్డకీ అదే పెడతాం. ఇది ఆ రకం కాదు. సన్నటి గొట్టాలు పక్కపక్కనే పేర్చినట్టు, పుట్టగొడుగును తిరగేస్తే కనిపించే రేకుల్లా, మెడ చుట్టూ చేతుల చివరా నిలబడి ఉండేది. బిడ్డ ముఖం ఆ మధ్యలో పువ్వులా కనపడేది. "కుచ్చుల జోలికి మాత్రం పోవద్దు" అని అత్తగారు పోయేముందు కూడా చెప్పారు.

నేను పోయాను. పెట్టెలో ఉండి పసుపు పట్టిందని ఉతికాను. ఆరేసరికి కుచ్చు తోటకూర కాడల్లా వాలిపోయింది. కంగారుపడి, ఇస్త్రీ చేస్తే లేస్తుందేమో అని బొగ్గుల పెట్టె రాజేసి, మా ఆయన చొక్కా కాలరు నొక్కినట్టు నొక్కాను. అప్పడంలా అయింది.

ఇదంతా లిల్లీ కోసం. లిల్లీ మా ఆడపడుచు కూతురు. తల్లి లేదు, మూడేళ్లయింది పోయి. పెళ్లయిన తొమ్మిదేళ్లకు ప్రసన్న పుట్టింది లిల్లీకి. "మా అమ్మ తొడుక్కుంది, నేను తొడుక్కున్నాను, నా బిడ్డకూ ఆ గౌనే, అత్తయ్యా" అని నెలలో నాలుగుసార్లు గుర్తు చేసేది. బాప్తిస్మం వచ్చే ఆదివారం. గౌను నాశనం చేసిన రోజు సోమవారం. లిల్లీకి ఏ ముఖం పెట్టుకుని చెప్పను? గౌను పుట్టిన ఊళ్లో ఎవరికో ఒకరికి తెలియకపోదని నాకు నేనే చెప్పుకున్నాను. ఇంట్లో మాత్రం, "అత్తగారి ఊరి చర్చి ఒకసారి చూడాలనుంది" అన్నాను. సగం నిజం. మిగతా సగానికి దేవుణ్ణి క్షమించమని అడిగి, గౌనును తెల్ల తువ్వాల్లో చుట్టి, మంగళవారం నరసరావుపేటలో చిన్న రైలెక్కాను.

కొండల్లోంచి

గిద్దలూరు దాటాక రైలు నల్లమలలో దూరుతుంది. ఇంజను బరువుగా మూలుగుతూ ఎక్కుతుంటే, పక్కన నడిచినా చేరిపోతామేమో అనిపించింది. బోగదా సొరంగంలో పెట్టె అంతా చీకటై పొగ నిండింది. నేను కీర్తన అందుకున్నాను. వెలుతురు వచ్చేసరికి ఎదురు సీటులో జంధ్యం వేసుకున్న పెద్దాయన కూడా కళ్లు మూసుకుని ఏదో జపిస్తున్నాడు. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం. ఆయన తన చెంబులో మంచినీళ్లు పోశాడు. అడవిలో ఆ నీళ్లెంత చల్లగా ఉన్నాయో!

నంద్యాల: మస్తాన్ భాయ్ కొట్టు

బుధవారం పొద్దున్నే ఉగ్గాని తిన్నాను. మరమరాలను నానబెట్టి పోపేసి, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీలు పెట్టిస్తారు. ప్లేటు రూపాయి. మా వైపు మరమరాలంటే పిల్లల చిరుతిండి. ఇక్కడ కడుపు నిండే టిఫిను. బజ్జీలో కారం మాత్రం కన్నీళ్లతో స్తోత్రం చెప్పించింది.

పాత చర్చికి వెళ్లే దారిలో ఒక టైలరు కొట్టు ముందు కాళ్లు ఆగిపోయాయి. కొట్టు నిండా కుచ్చులే. పెళ్లి పందిరి అంచుకు వేలాడే ఎర్ర ఝాలర్లు, జట్కాబండి తెరకు పచ్చ కుచ్చులు, పీర్ల పండక్కి జరీ అంచుల గుడ్డలు, దేవుడి ఊరేగింపు గొడుగుకు రెండు వరసల పసుపు కుచ్చు. అన్ని మతాల దేవుళ్లూ ఆ కొట్లో ఒకే దండెం మీద వేలాడుతున్నారు. మధ్యలో కుట్టుమిషన్ దగ్గర అరవై ఏళ్ల మస్తాన్ భాయ్.

తువ్వాలు విప్పి గౌను చూపించాను. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని కుచ్చును వేళ్ల మధ్య తడిమి చూశాడు.

"ఎవురమ్మా దీన్ని ఇంత శ్రద్ధగా చంపినారు?"

"నేనే భాయ్" అన్నాను.

"బాగా చంపినావమ్మా. ఊపిరి ల్యా దీంట్లో." నవ్వి, గౌనును జాగ్రత్తగా మడిచాడు. "నాది దారం కుచ్చు. మిషన్ మీద గంటకు పది గజాలు లాగుతా. ఇది గంజి కుచ్చు. చేత్తో పెట్టాల. ఈ ఊళ్లో ఒక్క రత్నమ్మకే తెలుసు."

ఆ పేరు నేను విన్నదే. మా అత్తగారు రోజూ ప్రార్థనలో అందరి పేర్లూ అయ్యాక, "నంద్యాల రత్నమ్మ చేతులను కాపాడు ప్రభువా" అనేవారు. ఎవరో చేతుల నొప్పులున్నావిడ కాబోలనుకుని ముప్ఫై ఏళ్లు ఆమెన్ అన్నాను.

"ఆవిడ ఇల్లెక్కడ భాయ్?"

"ఈడ యాడుందమ్మా ఇప్పుడు! కూతురు ఆళ్లగడ్డలో టీచరు. ఆడనే ఉండాది. శిల్పాలు చెక్కే కొట్టాల పక్క ఇల్లు. ఈపొద్దు బస్సు పోయింటాది, రేపు పొద్దున బస్సుకు పో, బేగా దొరుకుతాది."

కొలత తీసుకోకుండా, కుట్టు వేయకుండా అరగంట నాకోసం కూర్చున్నందుకు ఏమివ్వనని అడిగితే, "ఆ కుచ్చు లేసినాక తిరిగి పొయ్యేటప్పుడు చూపిచ్చి పో. అదే చాలు" అన్నాడు.

చర్చికి కూడా వెళ్లాను, సగం నిజాన్ని నిండు నిజం చేద్దామని. లోపల చల్లగా ఉంది. పైకప్పు కింద పాతకాలపు గుడ్డ పంకా దూలం ఇంకా వేలాడుతోంది. లాగే తాడు లేదు. దూలానికి మాత్రం చింకిపోయిన తెల్ల కుచ్చు మూరెడు మిగిలింది. ఒకప్పుడు దాన్నీ ఎవరో ఉతికి, గంజి పెట్టి, నిచ్చెనేసుకుని కట్టి ఉంటారు. దాని కింద మోకరించి వాళ్ల కోసం కూడా ప్రార్థించాను, పేర్లు తెలియకపోయినా.

శిరివెళ్ల దాకా బిడ్డతల్లిని

గురువారం ఆళ్లగడ్డ బస్సులో నిలబడ్డానికి చోటు లేదు. గౌను మూట నలగకుండా రెండు చేతుల్తో గుండెకు హత్తుకుని నిలబడ్డాను. టమాటాల గంప పెట్టుకుని కూర్చున్న ఒకావిడ నన్ను చూసి లేచి, పక్కనున్న మగమనిషిని భుజం పట్టి లేపింది.

"లేయప్పా! చంటిబిడ్డను పట్టుకోని నిలబడింటే కళ్లు కనపల్యా?"

నేను నోరు తెరిచేలోపే ఆయన లేచాడు, నేను కూర్చోబడ్డాను. బస్సు కుదుపులకు మూటను ఒళ్లో ఊపుతూనే ఉన్నాను. అదీ నా తప్పే. కాసేపటికి ఆవిడ ఊరుకోలేదు.

"ఏందిమే, మొగం మింద కూడా గుడ్డ కప్పినావు? బిడ్డకు గాలాడొద్దా?"

ఇక దాచలేక తువ్వాలు కొస తీసి చూపించాను. ఆవిడ తొంగి చూసింది, నన్ను చూసింది, మళ్లీ తొంగి చూసింది. కథంతా చెప్పాను. బస్సులో సగంమంది విన్నారు. నేను లేవబోతే సీటిచ్చిన ఆయనే, "కూచోమ్మా, కూచో. బిడ్డ ఆదివారం వస్తాది గదా, అడ్వాన్సుగా ఇచ్చినామనుకో" అన్నాడు. అందరూ ఒకటే నవ్వు. శిరివెళ్లలో దిగుతూ ఆవిడ రెండు టమాటాలు మూట పక్కన పెట్టి, "బిడ్డకు నా దీవెన చెప్పు" అని వెళ్లిపోయింది. పేరైనా అడగలేదు నేను.

ఆళ్లగడ్డ: రాతి కుచ్చులు

శిల్పుల కొట్టాలు కనుక్కోవడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. టకటకమని ఉలుల చప్పుడే దారి చూపిస్తుంది. రోడ్డు పక్క చెట్ల ఆకులన్నిటి మీదా రాతిపొడి. సుబ్బాచారి అనే శిల్పి నిలువెత్తు లక్ష్మీదేవి ముందు గొంతుక్కూర్చుని చీర కుచ్చిళ్లు చెక్కుతున్నాడు. రాతిలో గుడ్డ వాలినట్టే, పాదాల మీద మడత మడతగా పడుతున్నాయి. నేను నిలబడిపోయాను. మా ఇంట్లో విగ్రహాలుండవు. కానీ ఆ చేతిపనికి దేవుడిచ్చిన ఓర్పు కనబడుతుంటే కళ్లు తిప్పుకోవడం ఎలా?

ఆయన చూపించిన పక్కింట్లో నులకమంచం మీద ఎనభై దాటిన అవ్వ, రత్నమ్మే. ఊరంతా ఆమెను జేజి అంటారు, అక్కడ నాయనమ్మను అలా పిలుస్తారట. అత్తగారి పేరు చెప్పి గౌను ఒళ్లో పెట్టగానే బోసినోరు తెరిచి నవ్వింది.

"ఈ గౌనా! మళ్లీ వచ్చినాదా!"

"మళ్లీ అంటే?"

"మీ అత్త ప్రతిసారీ తెస్తాండె గదా. ఉతికినంక కుచ్చు నిలుస్తాదా ఏంది? నీళ్లు తగిల్తే పోతాది. పోతే మళ్లా పెట్టుకోవాల. గంజి కుచ్చు అంటే అంతే."

ప్రతి బాప్తిస్మం అయ్యాకా అత్తగారు, "నంద్యాల చర్చిలో ప్రార్థన చేసుకొస్తా" అని మూట పట్టుకుని వెళ్లడం గుర్తొచ్చింది. మేమంతా ఎంత భక్తి అనుకునేవాళ్లం!

"మరి నేను ఇస్త్రీ చేయడం?"

"అది నీ అదనపు తెలివి" అంది జేజి. "దానికేం కాల్యా. దొరసానికి ఇనపకడ్డీ ఉండె, కాల్చి దానిమింద చుడతాండ్రి. ఆమె పోతా దాన్ని తీసకపాయ. మాయమ్మ బంగళాలో బట్టలు చూస్తాండె. కడ్డీ ల్యాకపోతే ఏమి, వరిగడ్డి లేదా అని పుల్లలతో మొదలుపెట్టె. అదే నేను నేర్సుకుంటి."

నాకు ఆనందం పట్టలేదు. "అయితే మీరు పెట్టిస్తారా జేజీ?"

ఆమె రెండు చేతులూ ముందుకు చాపింది. గాలికి ఆకు ఊగినట్టు వేళ్లు వణుకుతున్నాయి. ప్రార్థనలో విన్న చేతులు ఇవే. పట్టుకుని కళ్లకద్దుకున్నాను.

"ఏడ్సద్దు మే. నోరు వణకడం ల్యా. నేను చెప్తా, నువ్వు పెట్టు."

శుక్రవారం

ఆ రాత్రి జేజి కూతురు జొన్నరొట్టె, చెనక్కాయల ఊరిబిండి అనే పచ్చడి పెట్టింది. రొట్టె చేత్తోనే తట్టి ఇంత పల్చగా చేస్తారని నేను ఎరగను. మా వైపు చేతులకు అది రాదు.

పొద్దున్నే గడ్డివాములోంచి పుల్లలు ఏరడంతో పని మొదలైంది. గింజల వెన్నుకు కిందున్న భాగమే పనికొస్తుంది, కణుపు ఉండకూడదు, అన్నీ ఒకే లావు ఉండాలి. రెండు గంటలు పేలు ఏరినట్టు ఏరాను. తర్వాత గంజి. మాది మాగాణి దేశం, గంజి నాకు నేర్పేదేముందని చిక్కగా, మెరుస్తూ కాచాను. కుచ్చును ముంచి, పిండి, పీటమీద పరిచి, ఒక పుల్ల గుడ్డ కిందనుంచి, తర్వాతది పైనుంచి, మళ్లీ కిందనుంచి దూర్చుకుంటూ పోయాను. ఎండాక పుల్ల లాగితే రాలేదు. గట్టిగా లాగితే గుడ్డలో ఒక పోగు పటుక్కుమంది. నా గుండె కూడా.

జేజి గంజి గిన్నెలో వేలు ముంచి చూసింది. "ఏందీ ఇది? బిడ్డకు తొడుగుతావా, తాపుతావా? జావ కాసినావు గదా మే!"

గంజి నీళ్లలా ఉండాలట. రెండుసార్లు గుడ్డలో వడగడితే, వేళ్ల మధ్య జారిపోవాలట. పుల్లలన్నీ తీసి, గౌను ఉతికి, మళ్లీ మొదటికొచ్చాను. మధ్యాహ్నం అయింది. సాయంత్రానికి ఆరకపోతే శనివారం రైలు అందదు. రైలు అందకపోతే ఆదివారం లేదు. మళ్లీ పుల్లలు దూర్చడం మొదలుపెట్టాను. నడుము విరిగినా పైకి లేవలేదు. ఆఖరి పుల్ల పెట్టి గౌనును వసారాలో నీడకు ఆరేశానో లేదో, గాలి తిరిగింది. సుబ్బాచారి కొట్టంలోంచి రాతిపొడి పొగలా వచ్చి వసారాలో పడసాగింది. తడి గంజి మీద పొడి పడితే సిమెంటే. లోపల పెడితే గాలి లేదు, ఆరదు.

జేజి మంచం మీదనుంచే కేకేసింది. "ఒరే సుబ్బా! నీ ఉలి ఆపురా!"

"యాడాపేది జేజీ! సోమారం లారీ వస్తాది దేవతకు. పాదాలు కాల్యా ఇంకా."

"నీ దేవతకు సోమారం, మా బిడ్డకు ఆదివారం. ఎవురిది ముందొస్తాది, లెక్క చూసుకో."

చప్పుడు ఆగింది. సుబ్బాచారి దుమ్ము దులుపుకుని వసారాలోకొచ్చి పుల్లలు గుచ్చిన కుచ్చును వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏమి పని చేసినావమ్మా! సరే గానీ, నా కుచ్చు ఒకసారి పెడితే వెయ్యేండ్లు. నీ కుచ్చు ఒక పూట. దీనికేనా ఇంత బాధ?"

"నీ కుచ్చు కట్టుకోని బిడ్డ పైకి లేస్తాదా?" అంది జేజి.

ఆయన పగలబడి నవ్వాడు. తన మనుషులను కేకేసి ఉలులన్నీ పక్కన పెట్టించాడు. పొద్దు వాలేదాకా ఆ కొట్టాల్లో ఒక్క దెబ్బ వినపడలేదు. పిచ్చుకల అరుపు వినిపించి, "ఓహో, ఈడ పిట్టలు కూడా ఉండాయి" అన్నాడెవరో. లక్ష్మీదేవి పాదాలు అసంపూర్తిగా ఆగాయి, ఎక్కడో పేటలో ఉన్న మా ప్రసన్న మెడ కుచ్చు ఆరడం కోసం. ఈ రుణం నేనెలా తీర్చను? ఆ దేవత సోమవారం లారీ ఎక్కాలని ఆ సాయంత్రం మనసారా ప్రార్థించాను. దేవుడు నన్ను తప్పు పట్టడనే అనుకుంటున్నాను.

పుల్లలు తీయబోతే జేజి ఆపింది. "ఇప్పుడు తీస్తే బస్సులో నలుగుతాది. బిడ్డకు తొడిగే ముందర తియ్యి. అట్లనే తీసకపో."

ముళ్లపందితో ప్రయాణం

శనివారం పుల్లలు గుచ్చుకున్న గౌనుతో తిరుగుప్రయాణం. సుబ్బాచారి బొమ్మలు పంపే చెక్కపెట్టెలో పెట్టిచ్చాడు, మూత మాత్రం లేదు. నంద్యాలలో మస్తాన్ భాయ్ కొట్టు ముందు రిక్షా ఆపి చూపించాను. ఆయన పెట్టె మీదికి వంగి, ఏమీ ముట్టుకోకుండా, "సుభానల్లా, ఊపిరొచ్చింది" అన్నాడు. రైల్లో ఒకరు పిచ్చుక గూడా అన్నారు, ఒకరు ముళ్లపందా అన్నారు. నేను ఇద్దరికీ అవునన్నాను.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరితే గుమ్మంలో లిల్లీ. చంకలో ప్రసన్న.

"ఇదేంటత్తయ్యా?"

పెట్టె అరుగు మీద దించి అక్కడే అంతా చెప్పేశాను. ఉతకడం, నొక్కడం, అబద్ధం, అన్నీ. లిల్లీ ముఖం చూడలేక పుల్లల వంకే చూస్తూ చెప్పాను.

"ఏడ్చావా?" అంది చివరికి.

"ఏడ్చాను."

"నాకు చెబితే ఇద్దరం ఏడ్చేవాళ్లంగా" అని, బిడ్డను నా చేతికిచ్చి పెట్టె ముందు కూర్చుంది. "అమ్మమ్మ కూడా ప్రతిసారీ ఇంత పనీ చేసిందా? మా అమ్మకీ? నాకూ?"

"నీకూ."

ఆదివారం మొదటి గంట కొట్టాక ఇద్దరం కలిసి పుల్లలు లాగాం. ఒక్కొక్కటీ జారి వస్తుంటే దాని వెనక ఒక్కొక్క గొట్టం నిలబడింది. ప్రసన్న ముఖం చుట్టూ తెల్లగా విచ్చుకుంది. పాస్టరుగారు మూడుసార్లు దోసిట నీళ్లు పోశారు. తండ్రి నామమున అన్నప్పుడు కుచ్చు నిలబడే ఉంది. కుమారుని నామమున అన్నప్పుడు ఎడమవైపు నాలుగు గొట్టాలు ఒరిగాయి. పరిశుద్ధాత్మ దాకా వచ్చేసరికి చెవి పక్కన పూర్తిగా పడుకుంది. నేను లిల్లీ వైపు చూశాను. లిల్లీ చర్చిలోనే పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

సోమవారం పొద్దున పెరట్లోకి వెళ్తే లిల్లీ ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసుకుని కూర్చుని ఉంది. నన్ను పిలవకుండానే గౌనును అందులో ముంచింది. మిగిలిన గొట్టాలన్నీ నీళ్లలో ఒక్కొక్కటే విడిపోయి, మెత్తబడి, గుడ్డయిపోయాయి. నేను తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడ్డాను.

"ఆ గంజి ఎంత పల్చగా ఉండాలో చెప్పు, అత్తయ్యా" అంది లిల్లీ, చేతులు తుడుచుకుంటూ.